మా 38 కంప్యూటర్ల లెక్క తేల్చిన పెద్దలకు, మిత్రులకు కృతజ్ఞతలు

రాజోలులో ధాన్యం, కొబ్బరి వ్యాపారం చేసే మా కార్యాలయంలో కంప్యూటర్ల బాధ్యత చూసే ఉద్యోగినిని. నెల రోజులుగా నన్ను వేధించిన ఒక సమస్య గత శుక్రవారంతో పూర్తిగా తీరింది. అందుకు కారణమైన ముగ్గురికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పుకోవాలని ఉన్నా, పేర్లు వద్దని వారే కోరినందువల్ల, వారు చేసిన మేలును మాత్రం వివరంగా రాస్తున్నాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మా దగ్గరున్న యంత్రాలలో ఏవి విండోస్ 11కు పనికివస్తాయో, అంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, తగిన ప్రాసెసర్, కనీసం 4 జీబీ మెమొరీ, 64 జీబీ డిస్కు వేటిలో ఉన్నాయో జాబితా ఇవ్వమని యజమాని అడిగారు. ఒక్కొక్క పెట్టె విప్పి చూడనక్కర లేకుండా, ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక చిన్న ఏజెంట్ ప్రోగ్రాం పెట్టి, అది తన హార్డ్‌వేర్ వివరాలను సేకరించి నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు పంపేలా ఏర్పాటు చేశాను. మొత్తం 38 కంప్యూటర్లు ఉండగా జాబితాలో కనిపించినవి 21 మాత్రమే. మిగిలిన 17 యంత్రాలలో ఏజెంట్‌ను రెండుసార్లు తీసివేసి మళ్ళీ ఎక్కించాను. బయటి నుంచి లోపలికి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్‌నే అనుమానించి, దాన్ని అన్ని యంత్రాలలోనూ ఆపివేయడానికి సిద్ధపడ్డాను.

ఆ పని చేయకుండా నన్ను ఆపినవారు రాజమహేంద్రవరంలో ఉంటున్న, ఈ రంగంలో పాతికేళ్ళ అనుభవమున్న పెద్దలు. ఫోనులో నేను చెప్పినదంతా ఓపికగా విని, "ఏజెంట్ తానే సర్వర్ దగ్గరికి వెళ్తోందమ్మా, సర్వర్ వచ్చి దాని తలుపు తట్టడం లేదు. లోపలికి వచ్చే దారి మూసి ఉంటే నీకేమిటి నష్టం? ముందు లాగ్ చదువు, ఒక్క యంత్రం చాలు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా వెతుకులాట దిశే మారిపోయింది. ఫైర్‌వాల్ జోలికి పోకుండా ఆ సాయంత్రమే లాగ్‌లు, అంటే ఏజెంట్ తన పనిలో జరిగినదంతా రాసుకునే ఫైళ్ళు, తెరిచాను. పదిహేడింటిదీ ఒకే జబ్బు అని నేను అనుకున్నది తప్పని, కారణాలు మూడని అప్పుడు తెలిసింది.

మొదటి కారణం కొంత విచిత్రమైనది. జాబితాలో ఒక వరుసకు ఉదయం అకౌంట్స్ విభాగపు కంప్యూటర్ పేరు ఉంటే, మధ్యాహ్నానికి బిల్లింగ్ కంప్యూటర్ పేరు వచ్చేది. విడిభాగాలు తెచ్చి కూర్చిన మా 12 యంత్రాలలోనూ బయోస్‌లో (కంప్యూటర్ మొదలవగానే నడిచే మూల ప్రోగ్రాంలో) సీరియల్ నంబర్ ఉండవలసిన చోట, 'తయారీదారు నింపవలెను' అనే అర్థమిచ్చే ఒకే ఆంగ్ల వాక్యం ఉండిపోయింది. సీరియల్ ఒకటే అయితే యంత్రమూ ఒకటేనని సర్వర్ భావించి, 12 యంత్రాలనూ ఒకే వరుసలో ఒకదానిపై ఒకటి రాసుకుంటూ పోయింది. ఆ వాక్యాన్ని సీరియల్‌గా లెక్కించవద్దని సర్వర్‌కు చెప్పి, నెట్‌వర్క్ కార్డు చిరునామాతో గుర్తించేలా మార్చగానే దాగి ఉన్న 11 యంత్రాలూ బయటికి వచ్చాయి.

మరో రెండింటిలో డబ్ల్యూఎంఐ భాండారం, అంటే యంత్రం వివరాలు అందించడానికి విండోస్ వాడుకునే సమాచార నిల్వ, దెబ్బతిన్నది. ఏజెంట్ వివరాలు అడిగేది దానినే కాబట్టి, దాన్ని సరిచేయించడంతో ఆ రెండూ దారికి వచ్చాయి.

గోదాములోని నాలుగు యంత్రాల దగ్గర మాత్రం నేను పూర్తిగా ఆగిపోయాను. సర్వర్ తానెవరో నిరూపించుకునే డిజిటల్ పత్రం, అంటే దాని సర్టిఫికెట్, ఇంకా చెల్లుబాటులోకి రాలేదని లాగ్ చెబుతోంది. అదే సర్టిఫికెట్‌ను తక్కిన యంత్రాలన్నీ అంగీకరిస్తున్నాయి. ఆ స్థితిలో నర్సాపురం నుంచి ఒక సోదరుడు, నేను పిలవకుండానే, సెలవు రోజున పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి, బస్సులో మా గోదాముకు వచ్చారు. వచ్చీ రాగానే ఆయన చూసింది తెర మూలనున్న తేదీని. అక్కడ 2015 జనవరి 1 అని ఉంది. ఆ తేదీ నాటికి మా సర్టిఫికెట్ పుట్టనే లేదు. కాటా రసీదు మీద తేదీ సర్వర్ నుంచి వస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరి దృష్టికీ రాలేదు. పెట్టె విప్పి, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీని వేలిగోటితో పైకి లేపి మల్టీమీటరు పెడితే, 3 వోల్టులు ఉండవలసిన చోట 1.9 చూపించింది.

బ్యాటరీ నీరసించిన యంత్రాలు ఆఫీసులోనూ ఉండగా గోదాములోవే ఎందుకు తేదీ మరిచిపోతున్నాయన్న నా ప్రశ్నకు జవాబిచ్చినవారు కాటా దగ్గర పనిచేసే మా బాబాయిగారు. "పిడుగులకి భయపడి రోజూ సాయంత్రం మెయిను కట్టేసే వెళ్తామమ్మా" అన్నారు. ఆఫీసులో కంప్యూటర్ ఆపినా గోడ స్విచ్ వేసే ఉంటుంది కనుక, ఆ స్టాండ్‌బై కరెంటుతోనే గడియారం నడుస్తుంది. గోదాములో ఆ ఆధారమూ లేదు. తేడా 15 గంటలు మించితే, డొమైన్‌లో (ఒకే సర్వర్ నిర్వహించే కంప్యూటర్ల సమూహంలో) లేని కంప్యూటర్ సమయాన్ని విండోస్ దానంతట అది సరిదిద్దదని నర్సాపురం సోదరుడు చెప్పగా విన్నప్పుడు, ప్రతి ఉదయం అవి 2015లోనే ఎందుకు మేల్కొంటున్నాయో అర్థమైంది. కంప్యూటర్ గురించి తనకేమీ తెలియదని చెప్పే బాబాయిగారి మాట లేకపోతే, ఆఫీసులోని యంత్రాలకూ రేపు ఇదే జరగవచ్చునని నాకు తట్టేది కాదు. మెయిన్ కట్టే అలవాటు మానమని వారికి చెప్పలేదు. మా ప్రాంతపు ఉరుములకు అది మంచి జాగ్రత్తే. బ్యాటరీలే మార్చాము.

శుక్రవారం సాయంత్రానికి జాబితాలో 38 వరుసలూ నిండాయి. అందులో 14 యంత్రాలు విండోస్ 11కు సరిపోతాయని తేలింది. తక్కినవాటి ఖర్చు అంచనా యజమాని బల్ల మీద ఉంది.

రాజమహేంద్రవరం మాస్టారికి, మా బాబాయిగారికి నమస్కారాలు. నర్సాపురం అన్నయ్యగారూ, దారి ఖర్చు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఆఫీసు యంత్రాల బ్యాటరీలు కూడా చూసుకోమని మీరు వదిలి వెళ్ళిన మల్టీమీటరు నా బీరువాలో భద్రంగా ఉంది. ఇంకా తొమ్మిది యంత్రాలు చూడవలసి ఉంది. అవి కాగానే పంటు ఎక్కి నేనే తెచ్చి ఇస్తాను.