1.4 ని ముట్టుకోబాక, 1.4.1 వెయ్యి

నెల్లూరు,
ఆదివారం

ఒరే శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోబాక. ఇంట్లో అందరూ బాగుండారు, అమ్మ నిన్ను అడిగింది, చెల్లి పెళ్లిమాటలు ఇంకా నడుస్తుండాయి. అవన్నీ తర్వాత.

నువ్వు వదిలిన కీబోర్డు ప్రోగ్రాం 1.4 వెర్షన్ చూశా. ఱ కొడితే ర పడే తప్పు డెబ్ ప్యాకేజీలో (డెబియన్ లినక్స్‌లో వేసుకునే తయారు సరుకు) సరిచేసుంది, సోర్సు టార్‌బాల్‌లో (కోడు మూట) అట్నే ఉంది! బస్తా మీద మొలగొలుకులని రాసి లోపల ఇంకో బియ్యం పోసినట్టుంది రా. గిట్‌లో, అదే కోడు మార్పులన్నీ దాచే చోట, 1.4 అని ట్యాగ్ గుర్తు వేసినాక నీ పని ఫోల్డర్లోనే దిద్ది, అందులోంచే బిల్డ్ కొట్టుంటావు.

ఇప్పుడు కంగారుపడి టార్‌బాల్ మార్చి అదే 1.4 పేరుతో పెట్టబాక. ముందే దించుకున్నోళ్ల దగ్గర ఒక షా256 (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె), సైట్లో ఇంకొకటి అయిపోద్ది. ఏది దొంగదో ఎవరికి తెలుస్తుంది? డెబియన్ వాళ్ల ప్యాకేజీల గోడౌన్, ఆర్కైవ్ కూడా అదే పేరుతో వేరే సరుకొస్తే తిప్పికొడుతుంది.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ గొడవ తలుచుకో, ఫైళ్లు కుదించే ఆ ప్రోగ్రాంలో దొంగ కోడు దూర్చారు. దొంగసరుకు టెస్ట్ ఫైళ్ల వేషంలో గిట్‌లోనూ ఉంది గానీ, దాన్ని లేపే బిల్డ్-టు-హోస్ట్.ఎం4 ఫైలు 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లో మాత్రమే ఉంది. గిట్ చదివినోళ్లకి ఆ మీట కనపడలా. దూరం నుంచి కంప్యూటర్లోకి పోయే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతుందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి సరిపోయింది. నాకు ఇప్పటికీ దడే.

అందుకే, సంతకం పెట్టిన ట్యాగ్ నుంచే గిట్ ఆర్కైవ్‌తో టార్ తియ్యి. దాన్ని కుదించే జీజిప్‌కి మైనస్ ఎన్ ఇవ్వు, లేకపోతే టైము లోపల రాసిపెట్టుద్ది, ప్రతిసారీ షా మారిపోద్ది. తర్వాత ఆ టార్‌బాల్‌నే ఖాళీ ఫోల్డర్లో విప్పి, ఎస్‌బిల్డ్‌తో శుభ్రమైన క్రూట్‌లో (నీ సిస్టమ్ సరుకు అంటని విడి గది లాంటిది) డెబ్ కట్టు. నీ పని ఫోల్డర్ జోలికే పోబాక.

అట్టా రెండుసార్లు కట్టు, రెండూ ఒకటే రావాల. రెండోసారి ఫోల్డరు దారి, టైమ్‌జోన్, లొకేల్ (భాష సెట్టింగు) మార్చి కట్టు. షాలు కలవకపోతే డిఫోస్కోప్ పెట్టు, ఏ బైటు యాడ మారిందో చూపిస్తుంది. నీ కోడులో డేట్, టైమ్ మాక్రోలు చూశా, కట్టిన టైము లోపల పెట్టేస్తాయి, అవి తీసెయ్యి. బిల్డ్‌లో వాడాల్సిన టైము చెప్పే సోర్స్ డేట్ ఇపాక్‌కి ట్యాగ్ వేసిన కమిట్ (గిట్‌లో దాచిన మార్పు) టైమివ్వు. డీబగ్ సమాచారంలో దారి కనపడితే కంపైలర్‌కి ఆ దారిని మార్చి రాసే ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ ఇవ్వు. ఫైళ్ల వరస మారుతుంటే బిల్డ్ ఎట్టా చెయ్యాలో రాసే మేక్‌ఫైల్లో, ఫైళ్లు ఏరే వైల్డ్‌కార్డ్‌కి సార్ట్ తగిలించు.

ఇంకోటి, పాత బైనరీ, అదే తయారు డెబ్, సైట్లో ఉన్నన్నాళ్లూ దాని సోర్సు పక్కనే ఉండాల. జీపీఎల్ 2 లైసెన్సు కింద సోర్సు తర్వాత ఇస్తామని రాసిచ్చే మాటకైతే కనీసం మూడేళ్ల గడువు, కానీ నీకు ఆ దారి వద్దు.

బస్సొచ్చింది రా. 1.4.1 వెయ్యకముందు నాకు షాలు పంపు.

నీ,
రమణ