ఆడ రెయిన్‌డీర్ కొమ్ములేవి?

అయ్యా,

మా మనవడు ఫోన్‌లో జంతువుల్ని పెంచే ఆట ఆడతాడు. రెండింటిని జత కలిపితే గుడ్డు వస్తుంది (జింక గుడ్డేమిటని అడక్కండి). క్రిస్మస్‌కి రెయిన్‌డీర్ జత దించారు, వారం దాటితే మళ్లీ దొరకదట. వాడి టెన్షన్ చూడలేక నేనే 89 రూపాయలు కట్టాను.

తీరా చూస్తే మగదానికి కొమ్ములు, ఆడదానికి బోడి తల! ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. మన చుక్కల జింకల్లో మగవాటికే కొమ్ములు, నిజమే. రెయిన్‌డీర్‌లో ఆడవాటికీ ఉంటాయి. పెద్ద మగవి ఎదకాలం అయ్యాక, డిసెంబరు వచ్చేసరికి చాలావరకు రాల్చేస్తాయి. చూలు ఆడవి మాత్రం వసంతంలో ఈనేదాకా ఉంచుకుంటాయి. మంచు తవ్వి, నాచులా కనిపించే లైకెన్ మేసే గుంటలోకి ఇంకోటి వస్తే ఆ కొమ్ములతోనే తరుముతాయి. ఆ లెక్కన శాంటా బండి లాగేవి చాలావరకు ఆడవే. ఇంకో వింత, చలికాలంలో వాటి కంటి లోపలి పొర బంగారు రంగు నుంచి నీలానికి మారుతుంది.

ఆటవాళ్లకు మెయిల్ పెడితే "మీ సూచనకు ధన్యవాదాలు" అని వచ్చింది, అంతే. మీ పిల్లల పేజీలోనైనా ఈ ముక్క వేయండి. మావాడు మాత్రం "తాతయ్యా, కొమ్ములున్న ఆడది వస్తే మళ్లీ కొందాం" అంటున్నాడు.

- ఒక రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు