కుక్కల జట్టు ఎంపికకూ ఒక పద్ధతి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా నల్లగొండ నుంచి నాలుగు మేలుజాతి కుక్కలు ఫ్లైబాల్ అనే కుక్కల ఆట పోటీకి హైదరాబాదు వెళుతున్నాయని గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఫొటో బాగా వచ్చింది. నాలుగు కుక్కలు, వాటి వెనక నలుగురు యజమానులు, మెడల్లో దండలు. దండలు కుక్కలకు కాదు లెండి. జిల్లాలోకెల్లా వేగమైన కుక్కలను ఏరి జట్టు కట్టారని మీ విలేకరి రాశారు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. ఆయనను తప్పుపట్టడం లేదు, జట్టును పంపుతున్న మా క్లబ్బువాళ్లు చెప్పిందే ఆయన రాశారు. కానీ వేగం చూసి ఎంచలేదు, ఫ్లైబాల్ జట్టును వేగం ఒక్కటే చూసి ఎంచకూడదు కూడా.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఖోఖో జట్లు, రిలే జట్లు ఎంచడంలోనే ఉద్యోగం గడిచిపోయింది. సిఫారసు చీటీలతో వచ్చిన పిల్లలనూ చూశాను, చెప్పుల్లేకుండా వచ్చి అందరినీ దాటిపోయిన పిల్లలనూ చూశాను. ఆ అనుభవం ఉందనే, స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్క రాయమని క్లబ్బువాళ్లు నన్ను పిలిచారు. పానగల్లు దారిలో ఒక మిత్రుడి బత్తాయి తోటను ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో సాధన. గట్టి నేల మీద దూకితే కుక్కల కీళ్లు దెబ్బతింటాయని మిర్యాలగూడ రైసుమిల్లు నుంచి పాత రబ్బరు బెల్టులు తెచ్చి పరిచాం. బంతి పెట్టెను మా వీధి వడ్రంగి చేసిచ్చాడు.

ఫ్లైబాల్ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇది కుక్కల రిలే పరుగు. బయలుదేరే గీత దాటాక 6 అడుగులకు మొదటి హర్డిల్, అంటే దూకాల్సిన అడ్డు, అక్కడి నుంచి 10 అడుగులకొకటి చొప్పున మరో మూడు, చివరి హర్డిల్ తరువాత 15 అడుగులకు బంతి పెట్టె. మొత్తం 51 అడుగులు. పెట్టె ముందు వైపు ఏటవాలు పలక ఉంటుంది. కుక్క దాని మీద కాళ్లు మోపగానే లోపలి స్ప్రింగు టెన్నిస్ బంతిని బయటికి విసురుతుంది. కుక్క ఆ బంతిని నోట కరుచుకుని అవే హర్డిల్స్ దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటిన తరువాతే రెండో కుక్క గీత దాటాలి. అలా నాలుగు కుక్కలు. పక్క వరుసలో ఎదుటి జట్టు కూడా అదే సమయంలో పరుగెత్తుతూ ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన ఆట ఇది. 1984లో మిషిగన్, ఒంటారియో ప్రాంతాల 12 జట్లు కలిసి నార్త్ అమెరికన్ ఫ్లైబాల్ అసోసియేషన్ పెట్టుకుని నియమాలు రాసుకున్నాయి. మేము కూడా ఆ నియమాలనే అనుసరిస్తున్నాం. అక్కడి మేటి జట్లు నాలుగు పరుగులూ కలిపి 15 సెకన్లలోపే ముగిస్తాయి. మేము 25 సెకన్లు దాటకపోతే చప్పట్లు కొట్టుకుంటాం.

ఇక మా ఎంపిక ఎలా జరిగిందంటారా? ఒక రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ గ్రూపులో నాలుగు కుక్కల ఫొటోలు వచ్చాయి. వాటి కింద వరుసగా బొటనవేళ్లు లేచాయి. జట్టు తయారైపోయింది. బెల్జియన్ మాలినాయిస్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, డాబర్‌మ్యాన్. నా నోటుపుస్తకంలో ఏముందని ఎవరూ అడగలేదు.

అందులో ఉన్నది ఇప్పుడు చెబుతాను. ఒంటరిగా పరుగెత్తినప్పుడు వాటి మేలైన సమయాలు ఇవి: మాలినాయిస్ 5.0 సెకన్లు, డాబర్‌మ్యాన్ 5.6, షెపర్డ్ 5.8, లాబ్రడార్ 6.0. కలిపితే 22.4. కాగితం మీద కళ్లు చెదిరే జట్టే. అయితే అవి వాటి మేలైన సమయాలు మాత్రమే, మామూలు సమయాలు కావు. డాబర్‌మ్యాన్ సంగతే తీసుకోండి. బంతిని చక్కగా పట్టుకుంటుంది, ఈదురుగాలిలా వెనక్కి వస్తుంది, తీరా గీతకు ఇంకా రెండు గజాలు ఉండగా యజమాని చేతిలో బిస్కట్ కనబడగానే బంతి వదిలేస్తుంది. బంతి లేకుండా గీత దాటితే ఆ పరుగు చెల్లదు. మిగతా కుక్కలన్నీ అయ్యాక అది మళ్లీ మొదటి నుంచి పరుగెత్తాలి. హర్డిల్ తప్పించినా, గీతను ముందుగా దాటినా అదే శిక్ష. అంటే 5.6 సెకన్ల కుక్క 11 సెకన్ల కుక్క అవుతుంది. నా పుస్తకంలో దాని పేరు పక్కన ఇలాంటి గుర్తులే ఎక్కువ.

జట్టులో లేని కుక్క ఒకటుంది. పేరు చిట్టి. ప్రకాశం బజారు దగ్గర కుట్టుపని చేసుకునే ఒక టైలరు గారి అమ్మాయి పెంచుతున్న ఊరకుక్క. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల దాన్ని వీధిలోంచి తెచ్చుకుంది. సంతాన నిరోధక ఆపరేషన్ అయినట్టు చెవికి గుర్తు ఉంది. రేబిస్ టీకా కార్డును ఆ అమ్మాయి ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చి చూపిస్తుంది. అలాంటి కార్డు క్లబ్బులోని కొందరు పెద్దమనుషుల దగ్గర అడిగినా దొరకదు. చిట్టి మోకాలి ఎత్తు కూడా ఉండదు. సమయం 6.8. అందరికన్నా నెమ్మది. అయినా బంతి వదలదు, హర్డిల్ తప్పదు, పక్క వరుస వైపు తల తిప్పదు.

దాని పేరెత్తగానే క్లబ్బు పెద్ద ఒకాయన, "టీచరమ్మా, హైదరాబాదు వాళ్ల ముందు ఊరకుక్కను నిలబెడితే మన పరువేం కావాలి?" అన్నారు.

"పరువు సరే సారూ, హర్డిల్ ఎత్తు సంగతి ఆలోచించారా?" అన్నాను.

ఈ ఆటలోని కిటుకంతా అక్కడే ఉంది. హర్డిల్స్ ఎత్తును జట్టులోని అతి చిన్న కుక్కను బట్టి నిర్ణయిస్తారు. తక్కువలో తక్కువ 7 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 14 అంగుళాలు. చిన్న కుక్క ముందుకాలి ఎముకను మోచేతి నుంచి మణికట్టు దాకా కొలిచి ఎత్తు తేలుస్తారు. నాలుగూ పెద్ద కుక్కలైతే నాలుగూ 14 అంగుళాలు దూకాల్సిందే. చిట్టి ఉంటే మా కొలత ప్రకారం హర్డిల్ 8 అంగుళాలకు దిగుతుంది. అప్పుడు పెద్ద కుక్కలు ఎగరనక్కర్లేదు, పరుగులోనే దాటేస్తాయి. ఎగిరి దిగినప్పుడల్లా పోయే సమయం మిగులుతుంది, ముందుకాళ్ల మీద పడే బరువూ తగ్గుతుంది. హర్డిల్స్ దించి చూశాం. ఒక్కో పెద్ద కుక్కకు ఇంచుమించు 0.2 సెకను కలిసివచ్చింది. డాబర్‌మ్యాన్ స్థానంలో చిట్టిని పెడితే మొత్తం 23.0. కాగితం మీద మనం పోగొట్టుకునేది 0.6 సెకను. డాబర్‌మ్యాన్ ఒక్కసారి బంతి జారవిడిస్తే పోయేది ఐదున్నర సెకన్ల పైమాటే. ఇందులో ఏ బేరం లాభమో మన బజారులో కూరగాయలు అమ్మే అవ్వనడిగినా చెబుతుంది. అందుకే అమెరికాలో ఈ ఆట ఆడే క్లబ్బులు నమ్మకంగా పరుగెత్తే చిన్న కుక్క కోసం వెతుక్కుంటాయి. అక్కడ జాతి పట్టింపు కూడా లేదు, ఏ జాతీ కాని కుక్కలు కూడా ఆడతాయి.

రెండో విషయం మార్పిడి. నేలమీద సున్నంతో గీత గీసి, ఆ గీత పక్కనే బోర్లా పడుకుని చూస్తే గానీ ఇది అర్థం కాదు. ఈ వయసులో పడుకుని మరీ చూశాను. బంతితో వచ్చే కుక్క ముక్కు, వెళ్లే కుక్క ముక్కు గీత మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. అది మంచి మార్పిడి. వెళ్లే కుక్కను గీతకు బాగా వెనక నుంచే వదలాలి. గీత దగ్గరికి వచ్చేసరికి అది పూర్తి వేగంలో ఉండాలి. ఎదురుగా వస్తున్న కుక్క ఏ హర్డిల్ మీద ఉండగా తన కుక్కను వదలాలో పట్టుకున్న మనిషికి తెలియాలి. మా షెపర్డ్, చిట్టి జంట ఈ పనిని వారాల తరబడి కలిసి నేర్చుకుంది. షెపర్డ్ మూడో హర్డిల్ దూకి కాళ్లు నేలకు ఆనించిన క్షణాన ఆ అమ్మాయి చేతులు వదులుతుంది. మట్టి లేస్తుంది, రెండు కుక్కలు ఒకే చోట కనబడతాయి, మరుక్షణం విడిపోతాయి. షెపర్డ్, డాబర్‌మ్యాన్ జంట మాత్రం ఎదురుపడితే ఒకదాని మీద ఒకటి గుర్రుమంటాయి. అందుకని యజమానులు భయపడి ఆలస్యంగా వదులుతారు. ఒంటరి పరుగుల సమయాలు కూడి జట్టు కట్టేవాళ్లకు ఈ ఆలస్యం లెక్కలో కనబడదు. రిలేలో నలుగురు వేగమైన పిల్లలను తీసుకెళ్లి, బ్యాటన్ పడేసుకుని ఏడుస్తూ తిరిగివచ్చిన జట్లను నేను చూశాను.

మాలినాయిస్ గురించి కూడా చెప్పాలి. అది అసలైన ఆటగత్తె, అందులో సందేహం లేదు. కాకపోతే పక్క వరుసలో మరో కుక్క పరుగెత్తుతుంటే దాని మనసు అటు లాగుతుంది. ఎదుటి వరుసలోకి దూరి అడ్డుపడితే ఆ విడత మొత్తం ఓడినట్టే. మా దగ్గర దాన్ని ఎప్పుడూ ఒంటరిగానే పరుగెత్తించారు. పక్కన ఇంకో వరుస పెట్టి, తెలియని కుక్కను పరుగెత్తించి పరీక్షించమని అడిగాను. "అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్నారు. అక్కడికి వెళ్లాక చూసేది ఫలితం. పరీక్ష ఇక్కడే జరగాలి.

ఇంకో చిత్రం చూడండి. జాబితాలో ఆరు కుక్కల దాకా పేర్లు ఇవ్వవచ్చు, ఒక్కో విడతలో వాటిలో నాలుగు పరుగెత్తుతాయి. మావాళ్లు సరిగ్గా నాలుగు పేర్లే పంపారు. దారిలో ఒక్కదాని కాలు బెణికినా జట్టు లేనట్టే. చిట్టి పేరు ఐదోదిగా రాయడానికి అయ్యే ఖర్చు ఒక గీతంత సిరా. లాబ్రడార్‌కు ఏడాది వయసైనా నిండిందో లేదో నాకు అనుమానమే. 15 నెలలు నిండని కుక్కను పోటీలో దించకూడదని అమెరికా సంఘం నియమం. ఎదిగే వయసులో పెట్టె మీద పదేపదే గుద్దుకుంటే కీళ్లు పాడవుతాయి. వయసు కాగితం చూపమంటే యజమాని నవ్వి ఊరుకున్నారు.

మరి డాబర్‌మ్యాన్ జట్టులోకి ఎందుకొచ్చిందని పాఠకులు అడగవచ్చు. రబ్బరు బెల్టుల రవాణా, బంతుల డబ్బాలు, బ్యానరు, అన్నింటి ఖర్చూ దాని యజమానే పెట్టుకున్నారు. మంచి మనిషి, చేయి పెద్దది. ఆయన డబ్బు లేకపోతే మా దగ్గర హర్డిల్స్ కూడా ఉండేవి కావు. ఆయన పేరు మైదానం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాద్దాం, అవసరమైతే నేనే రాస్తాను. దానికీ జట్టుకూ సంబంధం పెట్టవద్దు. బడుల్లో కూడా క్రీడాసామగ్రి ఇచ్చిన దాత కొడుకును కెప్టెన్ చేయమని అడిగేవారు. నేనెప్పుడూ చేయలేదు, దానికి రెండుసార్లు బదిలీ కూడా అయ్యాను.

క్లబ్బువాళ్లు ఈ ఉత్తరం చదువుతారని తెలుసు, అందుకే వాళ్లను నేరుగా అడుగుతున్నాను. పోటీకి ఇంకా వ్యవధి ఉంది, జాబితా మార్చుకునే వీలుంది. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకే మొదలుపెట్టి బహిరంగంగా ఎంపిక పెట్టండి. ఎనిమిది దాటితే మన ఎండకు ఆ రబ్బరు మీద కుక్క పాదాలు కాలుతాయి. ముందు టీకా కార్డు, వయసు చూడండి. తరువాత పక్క వరుసలో కొత్త కుక్క పరుగెత్తుతుండగా ప్రతి జంటనూ మార్పిడితో పరుగెత్తించండి. మేలైన సమయం కాదు, సగటు సమయం తీయండి, తప్పిన పరుగులను కూడా కలిపి. ఆ అంకెలు గేటు మీద అంటించండి. వాటిలో డాబర్‌మ్యాన్ నెగ్గితే అందరికన్నా ముందు నేనే చప్పట్లు కొడతాను. టైలరు గారి అమ్మాయికి కబురు నేను పంపుతాను. బంతి పెట్టె మా ఇంట్లోనే ఉంది, స్ప్రింగు మార్పించాను. గేటు తాళం ఎవరి దగ్గరుందో చెబితే చాలు.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నల్లగొండ