బేరమంతా మా కూలీలోంచే పోతోంది

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి వచ్చిందంటే మీ పేపర్లో బొమ్మల కొలువు ఫొటోలు వేస్తారు, అందులో మా కొండపల్లి బొమ్మ ఏదో ఒకటి కనిపిస్తుంది, ఇది ఎవరింట్లో చేసిందో అని మేమంతా పేపరు చుట్టూ మూగి చూసుకుంటాం. ఈసారి మాత్రం బొమ్మ ధర గురించి రాయాలనిపించింది. మమ్మల్ని మెచ్చుకోనివాళ్లు లేరు గానీ, చెప్పిన ధర ఇచ్చేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

మాది బొమ్మల కాలనీ. మా ఆయన చెక్కుతారు, నేను రంగులేస్తాను, మామయ్యగారు ఇప్పటికీ ఎద్దు కొమ్ములు, చక్రం ఆకులు లాంటి సన్నపని చేస్తారు. నేను కాపురానికొచ్చి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లూ మా ఇంట్లో ధర కట్టే పద్ధతి ఒకటే: చెక్కకి ఎంతయింది, రంగుకి ఎంతయింది, పైన కాస్త వేసుకోవడం, పక్కింటివాళ్లు ఎంతకిస్తున్నారో కనుక్కుని ఇరవయ్యో ముప్పయ్యో తగ్గించడం. ఎన్ని గంటలు పనిచేశామో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పనే కదా, దీనికి కూలీ ఏంటి అనుకునేవాళ్లం.

పోయిన దసరా ముందు మా అమ్మాయి పాత నోటుబుక్కు తీసుకుని, ఒక్క ఎడ్లబండికి ఎంతసేపు పడుతోందో ఫోన్లో టైమ్ చూసి రాయడం మొదలుపెట్టాను. తెల్లపొణికి కర్ర కోసి సన్నటి సెగ మీద తడి పోయేదాకా ఆరబెట్టాలి, ఆ ఆరే టైమ్ నేను రాయలేదు. ఎద్దులు, బండి, చక్రాలు, తోలే మనిషి అన్నీ విడివిడిగా చెక్కాలి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకాలి, ఆకురాయితో నునుపు చేయాలి, సున్నం పూయాలి, అది ఆరాక రంగు. ఎద్దు కన్ను సంగతి ఒక్కటి చెప్తాను. తెల్లరంగు బాగా ఆరాక దాని మీద నల్లచుక్క పెట్టాలి, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి. వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, ఎద్దుకి మెల్లకన్ను వస్తుంది, మళ్లీ తెల్లరంగు వేసి ఆరేదాకా ఆగాలి. రెండెద్దులకి నాలుగు కళ్లు.

ముగ్గురి పనీ కలిపితే తొమ్మిది గంటలు వచ్చింది. చెక్క, రంగులు, జిగురు, సున్నం, అరిగిపోయే కుంచెలు కలిపి 115 రూపాయలు. షాపువాళ్లు మా దగ్గర తీసుకునేది 450కి. మిగిలేది 335, అంటే గంటకి 37 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకి 300 కూడా రావడంలేదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలీయే 307 రూపాయలు. ఆ లెక్క చూపిస్తే మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు, మామయ్యగారైతే మళ్లీ కూడమ్మా, ఎక్కడో తప్పు పోయుంటావ్ అన్నారు. మూడుసార్లు కూడాను.

అదే బండి షాపులో 1,100. వాళ్లకి అద్దె ఉంటుంది, మనిషికి జీతం ఉంటుంది, అమ్ముడుపోని సరుకు ఉంటుంది, నేను కాదనను. నా బాధల్లా డబ్బు ఇచ్చే తీరు గురించి. ఒక షాపాయన నలభై బొమ్మలు తీసుకెళ్లి అమ్ముడయ్యాక ఇస్తానన్నారు, ఐదు నెలలు తిప్పి, చివరికి రంగు గీసుకుపోయిన ఆరింటిని వెనక్కిచ్చి వాటి డబ్బు కోసుకున్నారు. గీసుకుపోయింది వాళ్ల షెల్ఫులో! సరుకు దించిన రోజే కనీసం సగమైనా ఇవ్వండి, మిగతాది నెలలో ఇవ్వండి, విరిగినా గీసుకున్నా అది మీ దగ్గర ఉండగా జరిగితే మీదే.

ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు కదా అని అందరూ చెప్తారు. ప్రయత్నించాం. తెల్లపొణికి చెక్క దూదిలా తేలిక, బండి మొత్తం కలిపి అరకిలో లేదు. కానీ కొమ్ములు విరగకుండా చుట్టూ కాగితాలు కుక్కి పెద్ద అట్టపెట్టెలో పెట్టాలి, కొరియర్‌వాళ్లేమో పెట్టె సైజు చూస్తారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 25, 20 పెట్టె అయితే 3 కిలోల ఛార్జీ. దాని మీద సైటువాళ్ల కమీషన్. పైగా అదే పేజీలో అచ్చులో పోసిన బొమ్మలు కొండపల్లి పేరుతోనే సగం ధరకి కనిపిస్తాయి. కొనేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? చేత్తో చేసినదైతే రెండెద్దులు అచ్చం ఒకేలా ఉండవు, తిప్పి చూస్తే అడుగున ఉలి జాడ కనిపిస్తుంది, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు.

ఇక ఇంటికొచ్చి కొనేవాళ్లు. పిల్లలకి చూపిస్తారు, వీడియోలు తీసుకుంటారు, ఈ కళ బతకాలండీ అంటారు, ధర చెప్పగానే సగానికి అడుగుతారు. ఒకావిడ, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, మీరూ తగ్గించండి అన్నారు. మేం పన్ను వేసి బిల్లిచ్చేవాళ్లమే కాదు, ఏం తగ్గించాలి? మీరు వంద తగ్గించమంటే ఆ వంద ఎక్కడినుంచి పోతుందో చూడండి. చెక్క అమ్మేవాడు తగ్గించడు, పొణికి చెట్లు కొండ మీద తగ్గిపోయేకొద్దీ ఇంకా పెంచుతాడు. రంగుల కొట్టువాడు తగ్గించడు. పోయేదల్లా మా ముగ్గురి గంటల్లోంచే.

అందుకని కొత్తగా లెక్క కట్టాం. గంటకి 75 చొప్పున 675, సరుకుకి 115, విరిగేవాటికి, పాడయ్యేవాటికి ఒక పది శాతం, మొత్తం 870. షాపులకి ఇదీ ధర. ఇంటికొచ్చినవాళ్లకి 1,100, ఎందుకంటే అమ్మడం కూడా పనే, ఒక్కొక్కరితో అరగంట పోతుంది. ఇద్దరు షాపువాళ్లు మా దగ్గర తీసుకోవడం మానేశారు. అందులో ఒకాయన ఇంకో వీధికి వెళ్తే అక్కడ 430కి దొరికిందట. అంత తక్కువకి ఇచ్చినవాళ్లని తప్పుపట్టలేను, ఆ వారం వాళ్లింట్లో బియ్యం కొనాలేమో. కానీ కాలనీలో అన్నయ్యలకీ వదినలకీ ఈ పేపర్లోనే అడుగుతున్నాను, మీరూ ఒక్క బొమ్మకి గంటలు రాసి చూడండి, తర్వాత అందరం కూర్చుని ఇంతకన్నా తక్కువకి ఇవ్వం అని ఒక ధర అనుకుందాం.

గుమ్మం దగ్గర ధరల బోర్డు పెట్టాం, మా అమ్మాయే రాసింది. కొన్న బొమ్మకి కొమ్ము విరిగినా, చక్రం ఊడినా పడేయకండి. ఎన్నేళ్లయినా సరే తెస్తే మక్కు పెట్టి అతికి, రంగేసి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం, బోర్డు మీద ఉన్న ధరలో అదీ కలిసే ఉంది.

ఇట్లు
ఒక బొమ్మల కళాకారిణి,
కొండపల్లి, ఎన్టీఆర్ జిల్లా