అర్జీ పరిష్కారమైపోయిందట, మంత్రి గారూ!

గౌరవనీయులైన మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హింసకు గురైన మహిళలకు, ఆడపిల్లలకు అండగా ఉండే ఒక జిల్లా సఖి కేంద్రంలో ఏడేళ్ళుగా కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. మొన్న నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ అది, మూడోది. మొదటి రెండూ జిల్లా అధికారి చేతికే ఇచ్చాను. పరిష్కారం ఏమిటో తెలుసుకుందామని సెలవు పెట్టుకుని వెళ్ళి అడిగితే, "సంబంధిత కేంద్రానికి పంపించేశాం కదమ్మా" అన్నారు. సంబంధిత కేంద్రం అంటే మాదే. నా అర్జీ ఊరంతా తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. దాని మీద "తగు చర్య నిమిత్తం" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. చర్య తీసుకోవలసింది నేనేనన్నమాట.

నేనడిగింది పెద్ద కోరికేం కాదు. పదిహేను రోజులకోసారి, ఈ పనిలో అనుభవమున్న సైకాలజిస్టు ఎవరితోనైనా రెండు గంటలు కూర్చుని నా కేసుల గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేయమన్నాను. మా వృత్తిలో దాన్ని సూపర్‌విజన్ అంటారు. తనిఖీ అనుకునేరు. తనిఖీలకు మాకు లోటు లేదు.

ఒక పిల్ల నా గదిలోకి వచ్చేసరికి ఎంతమందికి చెప్పి వస్తుందో మీకు తెలుసు. పోలీసులు సెక్షన్‌కి పనికొచ్చేది రాసుకుంటారు. డాక్టర్ గారు గాయం రాసుకుంటారు. మేజిస్ట్రేట్ గారు వాంగ్మూలం తీసుకుంటారు. తప్పేం లేదు, వాళ్ళ పని అది. ఇంకెవరికీ అక్కర్లేనిదంతా నా దగ్గరికి వస్తుంది. ఎవరి కథా మీకు చెప్పను, చెప్పకూడదు. నాకు అంటుకున్నది మాత్రం చెబుతాను. ఒక పాప ఆ సమయాన్ని కుక్కర్ విజిళ్ళతో లెక్కపెట్టింది. అంతకుమించి అడగకండి. మా ఇంట్లో ఇప్పుడు పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది. గ్యాస్ ఎందుకింత తొందరగా అయిపోతోందని మా ఆయన అడుగుతారు. ఏం చెప్పను? గోప్యత కదా.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పోయిన సంక్రాంతికి దానికి బాబాయి వరసయ్యే అతను దాన్ని దగ్గరికి తీసుకోబోతే నేను అరిచిన అరుపుకి వంటింట్లోవాళ్ళు కూడా బయటికొచ్చారు. పాపం, అతను ఏ తప్పూ చేయలేదు. మళ్ళీ మా గడప తొక్కలేదు. స్కూలు నుంచి పిల్ల అరగంట ఆలస్యంగా వస్తే ఎక్కడ ఆగావు, ఎవరున్నారు, తలుపు తీసే ఉందా అని అడుగుతాను. "అమ్మా, నేను నీ కేసుని కాదు" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రారు కదా మన ఇళ్ళల్లో. నేను రోజూ అలాగే వస్తున్నాను. చెరువు కట్ట మీద బండి ఆపి పది నిమిషాలు నీళ్ళకేసి చూస్తాను, ఇంటికొచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని అప్పుడు పిల్లని ముట్టుకుంటాను. ఏడేళ్ళలో నాకు నేను చేసుకున్న వైద్యం ఇంతే. కొన్నాళ్ళు పనిచేసింది. ఇప్పుడు పనిచేయడం లేదు.

"మీరే కౌన్సిలర్ కదా, మీకు కౌన్సెలింగ్ ఏంటమ్మా?" అని ఒక అధికారి నవ్వారు. సర్జన్‌కి అపెండిసైటిస్ వస్తే తన పొట్ట తనే కోసుకుంటాడా అండీ? ఇతరుల గాయాలు వినీ వినీ మన మనసుకు తగిలే ఈ గాయానికి వైకేరియస్ ట్రామా అని పేరు పెట్టి మెక్కాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1990లోనే రాశారు. పిల్లలపై అఘాయిత్యాల వివరాలు ఉద్యోగంలో పదే పదే వినాల్సి వచ్చే పోలీసులకు కూడా పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత) రావచ్చని 2013లో వచ్చిన, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వారి మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎమ్-5 ఒప్పుకుంది. పోలీసు తర్వాత ఆ పిల్ల కూర్చునేది నా ఎదురుగానే. మరొకాయన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసుకోమన్నారు. మంచి సర్వీసే, కాదనను. మా గోడ మీద ఆ పోస్టర్ అంటించింది కూడా నేనే. కానీ ఒకసారి ఫోన్ చేసి బాధ చెప్పుకోవడం వేరు, నా కేసులు తెలిసిన మనిషి "ఇక్కడ నువ్వు అలసిపోతున్నావు, ఈ కేసు ఇంకొకరికివ్వు" అని చెప్పడం వేరు. ఇవ్వడానికి ఇంకొకరు లేరనుకోండి, అది ఇంకో అర్జీ.

అసలు ఏమీ చేయలేదనను. నిరుడు "ఒత్తిడి నిర్వహణ"పై ఒకరోజు శిక్షణ పెట్టారు. హాల్లో ఎనభై మందిమి. గట్టిగా ఊపిరి పీల్చి పాజిటివ్‌గా ఆలోచించమన్నారు. ఊపిరి వదిలేలోపు సెంటర్ నుంచి ఫోన్, పురుగుమందు డబ్బా పట్టుకుని కూర్చున్న ఒకామెతో మెట్ల మీద నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. తిరిగి లోపలికి వెళ్ళేసరికి ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచుతున్నారు. మార్చి 8న శాలువా కప్పి "సహనమూర్తులు" అన్నారు. సహనం అయిపోయిందనే కదా నేను అర్జీలు పెట్టుకుంటున్నది!

జీతాల ఆలస్యం సంగతి ఇక్కడ ఎత్తను, దానికి అలవాటుపడ్డాం. అలవాటు పడలేనిది ఆరో రోజు. షెల్టర్‌లో ఐదు రోజులు ఉంచుకోవచ్చని మన రూలు. ఆరో రోజు కొందరు ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చారో ఆ ఇంటికే ఆటో ఎక్కుతారు. "వెళ్ళొస్తా అక్కా" అంటారు. మళ్ళీ రావద్దని కోరుకోవాలో, కనీసం ప్రాణంతో తిరిగి రావాలని కోరుకోవాలో తెలియదు. నెలవారీ రిపోర్టులో మాత్రం ఆ కేసు "పరిష్కారం" గడిలోకి వెళ్తుంది. నా అర్జీ లాగే.

నా తర్వాత చేరిన ముగ్గురు కౌన్సిలర్లు మానేశారు. ఒకామె ఇప్పుడు చెల్లెలి చీరల కొట్లో కూర్చుంటోంది, కనబడితే "నిద్ర పడుతోందే" అంది ముందుగా. నేను మానను. మానాలని లేదు. నాకీ పని చేతనవును, అంతకన్నా ముఖ్యంగా ఈ పని నాకిష్టం. అందుకే బతిమాలుకుంటున్నాను. పదిహేను రోజులకోసారి రెండు గంటలు. జిల్లాకో మనిషి దొరక్కపోతే నాలుగు జిల్లాలకు కలిపి ఒకరు, అదీ కుదరకపోతే వీడియో కాల్ చాలు. కాదంటే కాదని అయినా రాయండి. సంబంధిత కేంద్రానికి మాత్రం పంపకండి.

ఇట్లు,
సంబంధిత కేంద్రం కౌన్సిలర్