డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయకండి

పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి యూకేజీలో ఉన్నప్పుడు సూర్యుడికి కాళ్లు గీసేది. "సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లాలి కదా" అనేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న తెల్ల కాగితం ఇస్తే స్కేలు పెట్టి మార్జిన్ కొట్టి, "ఏం గీయాలమ్మా? దీనికి మార్కులున్నాయా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వయసొస్తే అంతేలే అని సరిపెట్టుకోలేను. నాలుగో తరగతి దగ్గర చాలామంది పిల్లల్లో సృజన తగ్గుతోందని అమెరికా మనస్తత్వవేత్త టోరెన్స్ 1960లలోనే గమనించారు. కానీ కథ అక్కడితో అయిపోదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 98 మందితో చేసిన చిన్నదే అయినా, ఆకారాలతో కొత్త ఊహలు చేసే శక్తి 15, 16 ఏళ్ల వాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. మాటల్లో కొత్తదనం మాత్రం పాతికేళ్లు దాటినవాళ్లలో మెరుగ్గా ఉంది. అంటే సృజన ఆరిపోదు, దారి మార్చుకుంటుంది.

సరిగ్గా ఆ 15 ఏళ్లకే మనం పిల్లల చేతిలో కుంచె లాక్కుని టెస్ట్ పేపర్ పెడుతున్నాం! పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. మా అమ్మాయి టైంటేబుల్‌లోనూ డ్రాయింగ్ ఉంది. ఆ పీరియడ్‌లో జరిగేది లెక్కల స్లిప్ టెస్ట్.

తనిఖీకి వచ్చే అధికారులను రికార్డులతో పాటు పిల్లల డ్రాయింగ్ పుస్తకాలు కూడా తెరిచి చూడమనండి సార్. మా అమ్మాయి పుస్తకంలో జూన్ తర్వాత అన్నీ ఖాళీ పేజీలే.

ఇట్లు,
ఒక తల్లి