బ్లూ వైరు కలిపినవా బిడ్డా

అమ్రాబాద్
ఆదివారం రాత్రి

చిరంజీవి సౌభాగ్యవతి సరితకు నాయిన ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం మంచిగున్నం. అక్కడ అమెరికల నువ్వు, అల్లుడు, చిన్నది మంచిగున్నరని అనుకుంటున్న. అనుకునుడే గని తెల్వదు. నీ ఫోను రాక మూడు ఆదివారాలాయె. మీ అమ్మ పొద్దున ఎనిమిదింటికి ఫోను చార్జింగు తీసి ఒడిల పెట్టుకొని కూసుంటది. తొమ్మిదిన్నరకు లేచి పొయ్యి కాడికి పోతది. ఏం అనది.

అలిగి రాస్తలేను. ఆ రోజు ఫోనుల "ఆడిపిల్లవు, నీకెందుకే ఆ బండ్లు గుంజుడు" అన్నది నాదే తప్పు. నువ్వు ఠక్కున పెట్టేసినవు. ఆ సంగతి తర్వాత చెప్త.

వాన ముందు బాగ కొట్టి ఇప్పుడు మొకం చాటేసింది. మూల చేన్ల పత్తి మొలక సగమే లేచింది, మళ్ల ఇత్తులు పెట్టినం. గౌరి ఈనింది, దున్నపోతు పుట్టింది, మీ అమ్మకు సంబురం లేదు. పెద్దింటి గోడ కూలింది, ఎవ్వరికీ ఏం కాలే. మీ చిన్నాయన మనుమరాలికి నర్సింగుల సీటొచ్చింది. జిల్లా మారి నాగర్‌కర్నూల్ అయి ఇన్నేండ్లాయె, ఆ పిల్ల మాత్రం దరఖాస్తుల మహబూబ్‌నగర్ అని రాసి మళ్ల కొట్టేసిందట.

నీ వాట్సప్ ఫోటో మారింది, చూసినం. పికప్పు, దాని ఎనుక తెల్ల ట్రైలరు, నడుమ నువ్వు టోపీ పెట్టుకొని. మీ అమ్మ "బిడ్డ చిక్కింది" అన్నది. నేను నిన్ను చూడలే, నిజం చెప్తున్న, నీ ఎనుక చూసిన. ఎంకటయ్య కొడుకు శివ పాలిటెక్నిక్ చదువుతుండు కద, వాన్ని పిలిచి ఆ ఫోటో పెద్దగ చెయ్యమన్న. ట్రైలరు నుంచి వచ్చే లావు తీగకు గుండ్రని ఏడు పిన్నుల ప్లగ్గు ఉంది. దానికి నడుమ ఒక చిన్న డబ్బా తగిలిచ్చి, బంపరు కింద పట్టీ లెక్క ఉన్న నాలుగు పిన్నుల దాంట్ల గుచ్చినవు. ఆ నాలుగింటిల లైట్లు, ఇండికేటర్లు, ఎర్తు, అంతే అని శివ చదివి చెప్పిండు. అంటే నువ్వు పెడలు తొక్కితే ఎనుక ఎర్రలైటు వెలుగుతది గని ట్రైలరు చక్రం పట్టది. ఎనుకొచ్చేటోనికి నువ్వు ఆగుతున్నవని తెలుస్తది, నీ ట్రైలరుకు తెల్వదు.

దాని మీద మీ మేనత్త ఒక మాట మోసుకొచ్చింది. వచ్చే నెల మీరు ఆ ట్రైలరు పట్టుకొని గుట్టలెక్కి, సొరంగం దాటి, యూటా దాక పోతరట. ఐసెన్‌హోవర్ సొరంగమట దాని పేరు. 11,000 అడుగుల పైన ఉందట. అక్కడి నుంచి పడమరకు, సిల్వర్‌థార్న్ ఊరి దిక్కు దిగేటప్పుడు 7 శాతం వాలు, బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగనీకె పక్కకు ఇసుక, కంకర పోసిన దారులు కూడ కట్టిన్రట. అసొంటి దారులు కట్టిన్రంటేనే ఆడ ఏమైతదో తెలుస్తలేదా?

ఇగ నాలుగు రాత్రులు శివను కూసోబెట్టుకున్న. వాడు ఇంగ్లీషుల చదువుడు, నేను పద్దుల పుస్తకంల రాసుకునుడు. ఎడమ పేజీల ఇత్తులు, మందుల పైసలు, కుడి పేజీల నీ బ్రేకు. నీకు తెలిసిందే చెప్తుండొచ్చు, ఇంజినీరువు. అయినా సదువు.

ట్రైలరు డ్రమ్ముల లోపట కరెంటు అయస్కాంతం ఉంటది. దానికి కరెంటు ఇస్తే తిరిగే డ్రమ్ము మొకానికి అతుక్కొని, దాని ఎంబడి పోబోయి ఒక లివరును గుంజుతది, ఆ లివరు బ్రేకు షూలను ఎడం చేసి డ్రమ్ముకు ఒత్తుతది. ఎంత కరెంటో అంత పట్టు. ఎప్పుడియ్యాలె, ఎంతియ్యాలె అని చెప్పేదే కంట్రోలరు, స్టీరింగు కింద బిగించే చిన్న డబ్బా. అది రెండు రకాలు. ఒకటి టైం డిలే. నువ్వు మెల్లగ ఒత్తు, గట్టిగ తొక్కు, అది నువ్వు పెట్టిన లెక్క ప్రకారమే కరెంటు పెంచుకుంట పోతది, మేస్త్రి ఎంత మొత్తుకున్నా తన నడకనే నడిచే కూలోని లెక్క. రెండోది ప్రపోర్షనల్. బండి ఎంత గుంజి ఆగుతున్నదో అదే పసిగట్టి ట్రైలరును కూడ అంతనే పడుతది. ధర ఎక్కువ. అదే కొను. పైసలు తక్కువైతే చెప్పు, పంపుత. నవ్వకు.

ఎందుకింత అంటున్ననో చెప్పనీకె మన్ననూరు దిగుడు కాడికి రావాలె.

1998ల. అప్పుడు నీవు ఆరో తరగతి, అచ్చంపేట హాస్టలుల ఉంటివి. పల్లికాయ మంచిగ పండింది. 60 బస్తాలు ట్రాలీలకెత్తి తెల్లారకముందే అచ్చంపేట మార్కెట్‌కు ఎళ్లినం. నేను స్టీరింగు మీద, మీ చిన్నాయన ఎనుక బస్తాల మీద. వాని పక్కన ఒక తుమ్మ మొద్దు. ట్రాలీకి బ్రేకు ఉండదు కద, బండి జారితే దుంకి చక్రం కింద ఆ మొద్దు పెట్టాలె. అందరు గట్లనే పోయేటోళ్లు. ఒక్క మాటల చెప్పాల్నంటే, మన ట్రాలీకి బ్రేకు మీ చిన్నాయననే.

చెక్‌పోస్టు దాటినం. మంచు పట్టింది. దిగుడు మొదలైనంక బండి దానంతట అదే ఉరుకుతున్నది. ఎనుక బరువు ట్రాక్టరు కంటె ఎక్కువ, అది ముందుకు తోస్తనే ఉంది. మొదటి మలుపు కాడ బ్రేకు పట్టింది. రెండో మలుపు కాడ సగమే పట్టింది. ఆ తర్వాత పెడలు మెత్తగ లోపటికి పోయింది. ట్రాక్టరు కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్లు రెండింటిని కలిపే లాకు వేసే ఉంది, అది అబద్ధం కాదు. నేను గట్టిగ ఒర్లిన. చిన్నాయన దుంకిండు. మొద్దు పెట్టిండు, చక్రం దాన్ని ఎక్కి పక్కకు తన్నింది. వాడు మళ్ల తీసుకొని ఉరికొచ్చి రెండోసారి పెట్టిండు. ఈసారి మొద్దుతోపాటు వాని పాదం కూడ కిందికి పోయింది. ట్రాలీ అడ్డం తిరిగి గుట్టకు ఒరిగి ఆగింది. ఆరు బస్తాలు పగిలినయి. రోడ్డంత పల్లికాయ. చిన్నాయన ఒర్లలే. "అన్నా, బండి ఆగిందా" అన్నడు.

బ్రేకులు ఫెయిలయినయని అందరికీ చెప్పిన. మీ తాతకు చెప్పిన, మీ అమ్మకు చెప్పిన, నీకూ అదే చెప్పినం. ఆ పొద్దు డీజిల్ మిగులుతదని దిగుడు మొదల్లనే న్యూట్రల్ కొట్టిన నేను. గేరుల ఉంటే ఇంజనే బండిని పట్టేది. ఉరికే బండికి మళ్ల గేరేద్దామంటే ఆ పాత గేరుబాక్సుల పడది, కర్రున అరుసుడే. మిగిలే డీజిల్ ఒక లీటరు కూడ కాదు. చిన్నాయనకు ఎరుకే అనుకుంట. ఎనుక కూసున్నోనికి ఇంజను చప్పుడు తగ్గింది ఇనబడకుంట ఉంటదా? ఇన్నేండ్లల ఒక్కసారి అడగలే.

ఇది మీ అమ్మకు ఫోనుల చదివి వినిపియ్యకు. నువ్వు ఇంటర్ అయినంక ట్రాక్టరు నేర్చుకుంటనంటే కట్టె పట్టుకొని ఎంబడిపడిన కద, అది ఆడిపిల్ల అని కాదు. ఆ మాట అప్పుడు రాలే. మొన్న ఫోనుల కూడ రాలే, ఇంకోటేదో వచ్చింది.

సరే, వైర్లు. ముందుగల స్టీరింగు కింద టార్చి పెట్టి చూడు, కొన్ని పికప్పులకు కంపెనీ వాళ్లే సాకెట్ ఇచ్చి ఉంటరు, దానికి సరిపోయే తీగల కట్ట కొంటే గుచ్చుడే. లేకుంటే కంట్రోలరు నుంచి వచ్చే నాలుగు వైర్లు నువ్వే కలపాలె. నలుపు బ్యాటరీ ప్లస్‌కు, నడుమ సర్క్యూట్ బ్రేకరు పెట్టాలె. ఒక్కో అయస్కాంతం దగ్గర దగ్గర 3 ఆంపియర్లు గుంజుతదట, నీ ట్రైలరుకు రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, 12 అయితది, 20 ఆంపియర్ల బ్రేకరు చాలు. తెలుపు బ్యాటరీ మైనస్‌కు. ఎరుపు బ్రేకు పెడలు మీద ఉన్న స్విచ్చికి, పెడలు తొక్కినప్పుడే కరెంటొచ్చే దిక్కు, టెస్టరు పెట్టి చూసుకో. బ్లూ వైరు ఎనుకకు, ఏడు పిన్నుల సాకెట్‌కు. ఆ బ్లూ వైరే బ్రేకు. ఆ నాలుగు పిన్నుల డబ్బాను పారెయ్. కంట్రోలరు డబ్బా బిగించే కాడ మోకాలు తాకొద్దు, చూడకుంటనే చెయ్యి అందాలె. కొన్ని కంట్రోలర్లను వంకర లేకుంట ముందుకు చూసేటట్టు బిగిస్తేనే లెక్క సరిగ వస్తదట, దాని పుస్తకం సదువు. అల్లుడు మంచోడే గని స్క్రూలు బిగించి రెండు మిగిలిస్తడు, నువ్వే చెయ్యి.

బిగించినంక ఖాళీ జాగల, ఎండిన రోడ్డు మీద గంటకు 20, 25 మైళ్లల పోతూ కంట్రోలరు మీదున్న చేతి లివరు ఒక్కటే ఒత్తు. ట్రైలరు టైర్లు బిగుసుకొని ఈడ్చుకొస్తే గెయిన్, అంటే ట్రైలరు బ్రేకుకు ఎంత కరెంటియ్యాల్నో పెట్టే లెక్క, తగ్గియ్, ఆనవాలే తెల్వకుంటే పెంచు. టైరు బిగుసుకునేదానికి జరంత ముందు ఆపాలె. సామాను ఎక్కిచ్చినా దించినా మళ్ల చూసుకోవాలె. ట్రైలరు అటూ ఇటూ ఊగబట్టిందా, బండి బ్రేకు తొక్కకు, యాక్సిలేటరు మీద కాలు తియ్, ఆ చేతి లివరు ఒత్తు, ట్రైలరును అదే గుంజి సక్కగ చేస్తది. ఊగుడెందుకంటే బరువు ఎనుకకు పడితే. మీది 4,400 పౌండ్లంటివి, 2 టన్నులు, అండ్ల 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలె, అంటే 200 నుంచి 300 కిలోలు. నీళ్ల క్యాన్లన్ని ఎనుక పెట్టకు. చాలా రాష్ట్రాలల్ల 3,000 పౌండ్లు దాటితే ట్రైలరుకు బ్రేకు ఉండాల్నని చట్టమే ఉందట, పోలీసోళ్ల గురించి కాదు నేననేది.

ట్రైలరు ముందల సన్న ఉక్కు తాడుతోని ఒక పిన్ను ఉంటది చూడు. ట్రైలరు ఊడిపోతే ఆ పిన్ను గుంజుకొని దాని సొంత బ్యాటరీతోని బ్రేకులు పడుతయి. ఆ తాడును హుక్కుకు తగిలియ్యకు, హుక్కే ఊడితే ఏం లాభం, బండి చాసీకి తగిలియ్. ఆ బ్యాటరీ చార్జి ఉందో లేదో చూసినవా? దిగేటప్పుడు కింద గేరు. న్యూట్రల్ మాటే ఎత్తకు.

నర్సింహులు కొడుకు మంగళవారం మీ ఊరికే వస్తుండు. వాని సంచిల చింతకాయ తొక్కు, కారప్పొడి, చిన్నదానికి గవ్వలు పంపుతున్నం. తొక్కు సీసా మూత సరిగ లేదు, రెండు కవర్లు చుట్టినం, నిలబెట్టే తియ్యి. చక్రాల కింద పెట్టే రబ్బరు దిమ్మలు అక్కడ దొరుకుతయట, రెండు జతలు కొను. బండి పూర్తిగ ఆగి, హ్యాండ్ బ్రేకు గుంజినంకనే పెట్టు. అల్లుణ్ణి కూడ ఉరుకుతున్న బండి కాడికి పోనియ్యకు.

ఫోను చెయ్యబుద్ధి కాకుంటే చెయ్యకు. ఒక ఫోటో పెట్టు. గుట్టలయి వద్దు. స్టీరింగు కింద ఆ డబ్బా, దాని మీద అంకె వెలుగుతుండాలె, ఎనుక బ్లూ వైరు కలిపింది కనబడాలె. శివతోని పెద్దగ చేయించి చూస్త.

మీ నాయిన